కుట్ల కింది చరిత్ర

తాడ్వాయి అనగానే చాలామందికి మేడారం జాతరకు పోయే దారిలోని ములుగు జిల్లా తాడ్వాయి గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేది అది కాదు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్యనున్న తాడ్వాయి గురించి. 2016 అక్టోబర్ దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత కామారెడ్డి జిల్లాలో చేరిన మండలం. వరి, మక్క, బీడీలు, గల్ఫ్. ఈ నాలుగు మాటల్లో ఇక్కడి బతుకుదెరువు దాదాపుగా ఇమిడిపోతుంది.

ఈ ప్రాంతపు ఆడవాళ్లు తమ జీవితాన్ని క్యాలెండర్ సంవత్సరాలతో చెప్పరు. బోరు పడ్డ ఏడు, పెనిమిటి దుబాయి పోయిన ఏడు, బిడ్డ పెండ్లయిన ఏడు అని చెప్తారు. ఆ వరుసలోనే ‘ఆపరేషనైన ఏడు’ కూడా వస్తుంది. ఆపరేషన్ అంటే ఇక్కడ మూడు. ‘పిల్లల ఆపరేషన్’ అంటే ట్యూబెక్టమీ. ‘పెద్దాపరేషన్’ అంటే గర్భసంచి తీసెయ్యడం. మూడోది కడుపు కోసి బిడ్డను తియ్యడం, సిజేరియన్. నలభై అయిదేళ్లు వచ్చేసరికి ఈ మూడూ అయిపోయిన స్త్రీలు మన తెలంగాణ పల్లెల్లో అరుదేమీ కాదు. ఒకే పొత్తికడుపు మీద మూడు కోతలు, మూడు వరుసల కుట్లు.

ఈ ఆపరేషన్లకు కాగితాలున్నాయి. కేస్‌షీటు ఉంది, థియేటర్ రిజిస్టర్ ఉంది, లక్ష్యం ఎంత పూర్తయిందో చెప్పే నెలవారీ నివేదిక ఉంది. ఏ రోజు చేశారో, ఎవరు చేశారో, ఏ మత్తు ఇచ్చారో రాసి ఉంటుంది. కానీ ఇంటికొచ్చిన అయిదో రోజునో ఎనిమిదో రోజునో కుట్ల దగ్గర ఎర్రబడి, సలుపు పుట్టి, జ్వరమొచ్చి, చీము కారితే ఆ సంగతి ఎక్కడ రాస్తారు? ఆసుపత్రి చరిత్ర డిశ్చార్జ్‌తో ముగుస్తుంది. గాయం చరిత్ర చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఖాళీలో ఎవరి శ్రమ, ఎవరి డబ్బు, ఎవరి పరువు ఖర్చవుతున్నాయన్నదే ఈ వ్యాసం అడగదలచుకున్న ప్రశ్న.

ముందు వైద్యం ఏం చెబుతుందో చూద్దాం. ఆపరేషన్ జరిగిన చోట 30 రోజుల్లోగా ఇన్ఫెక్షన్ వస్తే దాన్ని ఆ ఆపరేషన్ ఖాతాలోనే వెయ్యాలన్నది ప్రపంచమంతా వాడుతున్న నిర్వచనం. శరీరంలో ఏదైనా అమర్చిన కొన్ని ఆపరేషన్లకు 90 రోజులు. ఇంత గడువు ఎందుకంటే, సూక్ష్మక్రిమి లోపలికి చేరిన రోజూ అది బయటపడే రోజూ ఒకటి కావు. చర్మం మీది స్టెఫిలోకాకస్ కావచ్చు, సరిగా మరిగించని పరికరం మీదిది కావచ్చు, చేతి తొడుగు మీదిది కావచ్చు. లోపల పెరిగి, కణజాలాన్ని తిని, చీముగా మారడానికి దానికి కొన్ని రోజులు కావాలి. పై చర్మానికే పరిమితమైతే కుట్టు ఊడి పుండవుతుంది. లోపలి పొరలకు దిగితే కడుపంతా పాకుతుంది. రక్తంలో కలిస్తే ప్రాణం మీదికొస్తుంది. ట్యూబెక్టమీ అయిన స్త్రీ అదే రోజో మర్నాడో ఇంటికొచ్చేస్తుంది. సిజేరియన్ అయితే కొద్ది రోజులకు వస్తుంది. అంటే క్రిమికి కావలసిన సమయం ఆసుపత్రిలో కాక ఇంట్లో గడుస్తుంది.

ఇదేదో పేదదేశాల సమస్య అనుకోనక్కర్లేదు. 2009లో ఇంగ్లండులోని 14 ఆసుపత్రుల్లో సిజేరియన్ అయిన 4107 మంది స్త్రీలను ఇంటికెళ్లాక కూడా వెంబడించి చూశారు. 394 మందికి, అంటే దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి గాయం ఇన్ఫెక్షన్ వచ్చింది. అందుకోసం మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు 23 మందే. మిగిలినవాళ్లు లెక్కలోకి వచ్చారంటే కారణం అక్కడ కాన్పు తర్వాత మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి చూస్తుంది కాబట్టి. మళ్లీ చేరినవాళ్లనే లెక్కేసుకుని ఉంటే ఆ ఆసుపత్రులు తమ దగ్గర ఇన్ఫెక్షన్లే లేవని చెప్పుకునేవి. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిన ప్రకారం ఆఫ్రికాలో సిజేరియన్ అయిన స్త్రీలలో 20 శాతం దాకా గాయం ఇన్ఫెక్షన్ పాలవుతున్నారు. 2018లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం 66 దేశాల్లో కడుపు ఆపరేషన్లయిన వాళ్లను 30 రోజుల పాటు గమనించింది. సంపన్న దేశాల్లో నూటికి 9 మందికి ఇన్ఫెక్షన్ వస్తే, అభివృద్ధిలో అట్టడుగున ఉన్న దేశాల్లో 23 మందికి వచ్చింది.

లెక్కపెట్టడానికి కూడా ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఆడవాళ్ల శరీరాల దగ్గరే మొదలైంది.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1840లలో రెండు కాన్పు వార్డులుండేవి. ఒకటి వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసానులు పని నేర్చుకునేది. 1846లో మొదటి వార్డులో నూటికి 11 మందికి పైగా బాలింతలు జ్వరమొచ్చి చనిపోతే, రెండోదాంట్లో ముగ్గురి కంటే తక్కువ మంది చనిపోయారు. డాక్టర్లకు కారణం అంతుబట్టలేదు గానీ ఊళ్లో ఆడవాళ్లకు తేడా బాగా తెలుసు. మొదటి వార్డులో వెయ్యొద్దని మోకాళ్ల మీద పడి బతిమాలేవాళ్లట. దారిలోనే కాన్పయి వచ్చామని చెప్పుకున్న స్త్రీలు ఆ వార్డులో కాన్పయిన వాళ్లకంటే క్షేమంగా ఉండేవాళ్లట. ఈ సంగతులు రాసిపెట్టినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు వచ్చి కాన్పులు చేస్తున్నారని గ్రహించి, 1847 మేలో సున్నపు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. మరుసటేటికల్లా చావులు రెండు శాతం లోపుకి దిగాయి.

సెమ్మెల్‌వైస్ గొప్పదనం అందరూ చెప్పేదే. ఆ కథలో మరుగున పడిన సంగతి ఇంకొకటుంది. జ్వరాలు ఉధృతంగా ఉన్నప్పుడు జబ్బుపడిన బాలింతలను కాన్పు వార్డు నుంచి సాధారణ ఆసుపత్రికి పంపేసేవాళ్లు. అక్కడ చనిపోతే ఆ చావు కాన్పు వార్డు లెక్కలోకి రాదు. మనిషిని గడప దాటిస్తే అంకె తగ్గుతుందన్న ఉపాయం అంత పాతది. లండన్‌లో ఫ్లారెన్స్ నైటింగేల్ తాను మొదలుపెట్టించిన కాన్పు వార్డులోనే బాలింత జ్వరం చెలరేగితే 1867లో ఆ వార్డును మూయించింది. అంకెలు పోగుచేసి, కాన్పు ఆసుపత్రి కంటే ఇల్లే స్త్రీకి క్షేమంగా ఉందని 1871లో పుస్తకమే రాసింది. ఆసుపత్రి గోడల వెలుపలికి చూసిన లెక్కల మనుషుల్లో ఒక స్త్రీ ఉండడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

మన హైదరాబాదుకు వద్దాం. శస్త్రచికిత్స చరిత్రలో మన నగరం పేరు చాలా గౌరవంగా వినబడే సందర్భం ఒకటుంది. 1888, 1889లలో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. క్లోరోఫాం గుండెను ముందు ఆపుతుందా, ఊపిరిని ముందు ఆపుతుందా అన్నది తేల్చడానికి ఇంగ్లండు నుంచి నిపుణులు దిగారు. ఆ పరిశోధనల్లో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. బల్ల మీద పడుకున్న మనిషికి నొప్పి తెలియకూడదన్న దాని మీద మన నగరంలో అంత శ్రద్ధ, అంత డబ్బు, అంత రాత జరిగాయి. అదే మనిషి బల్ల దిగి ఇంటికి పోయాక పడే నొప్పి మీద ఏ కమిషనూ కూర్చోలేదు. నొప్పికి కూడా హోదా ఉంటుంది కాబోలు. డాక్టరు చూస్తుండగా వచ్చే నొప్పి శాస్త్రమవుతుంది. వంటింటి వెనక వచ్చే నొప్పి ఆడదాని ఏడుపవుతుంది.

ఇరవయ్యో శతాబ్దం నడిమికి పెన్సిలిన్ వచ్చింది. 1948లో వచ్చిన ఆరియోమైసిన్ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగం ఉందని తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. యాంటీబయాటిక్స్ కోట్లమందిని బతికించాయి. అయితే వాటితో పాటు ఒక ధీమా కూడా వచ్చింది. చేతులు, పరికరాలు, గది, గుడ్డలు శుభ్రంగా ఉంచడం ఖర్చుతో, ఓపికతో కూడిన పని. దాని బదులు నాలుగు బిళ్లలు చేతిలో పెట్టి పంపించడం తేలిక. బడిలోనూ పంచాయతీ భవనంలోనూ బెంచీలు జరిపి ఆపరేషన్లు చెయ్యవచ్చన్న ధైర్యం ఆ ధీమా నుంచే వచ్చిందనుకుంటాను.

ఆ ధైర్యాన్ని విధానంగా మార్చింది కుటుంబ నియంత్రణ. 1952లో ప్రభుత్వ కార్యక్రమంగా మొదలై, 1970ల మొదట్లో భారీ శిబిరాలుగా పెరిగింది. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగాయి. అందులో నాలుగింట మూడు వంతులు మగవాళ్లకు చేసినవి. మగవాళ్లకు కోపమొచ్చింది, ప్రభుత్వం పడిపోయింది. కుటుంబ నియంత్రణ పేరు కుటుంబ సంక్షేమంగా మారింది. పేరుతో పాటు కత్తి కూడా దిశ మార్చుకుంది. క్రమంగా దేశంలో జరిగే ఈ ఆపరేషన్లలో నూటికి 95కు పైగా ఆడవాళ్లవే అయ్యాయి. వేసెక్టమీ తేలిక, ప్రమాదం తక్కువ, కడుపు కొయ్యనక్కర్లేదు. అయినా కోత ఆడవాళ్లకే రాసిపెట్టారు. ఎందుకంటే ఆడవాళ్లు ప్రభుత్వాలను పడగొట్టలేదు.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికే ఆదర్శమని పేరు తెచ్చుకుంది. 1996లో కేంద్రం లక్ష్యాలు రద్దు చేశానని ప్రకటించినా, 1997లో మన రాష్ట్రం సొంత జనాభా విధానం తెచ్చుకుంది. జననాల రేటు దిగింది. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, ఇరవై అయిదేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోవడం మామూలు సంగతయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత స్త్రీలలో నూటికి 60 మందికి పైగా ఈ ఆపరేషన్ అయినవాళ్లే. ఈ విజయానికి ప్రపంచ స్థాయిలో ప్రశంసలందాయి. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, ఆ విజయాన్ని మోసిన పొత్తికడుపుల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

పట్టకపోవడం అంటే నియమాలు లేవని కాదు. ఆపరేషన్ అయిన 48 గంటల్లో ఆరోగ్య కార్యకర్త కలిసి చూడాలనీ, 7వ రోజు కుట్లు పరీక్షించాలనీ కేంద్ర ప్రమాణాల్లో ఉంది. 2005 మార్చిలో రమాకాంత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల నాణ్యతా కమిటీలూ, బీమా పథకమూ వచ్చాయి. ఆ పథకపు నిబంధనలు ఒకసారి చదవండి. 2013 నాటి రూపంలో, ఆసుపత్రిలో గానీ డిశ్చార్జ్ అయిన 7 రోజుల్లోపు గానీ చనిపోతే కుటుంబానికి 2 లక్షల రూపాయలు. 8వ రోజు నుంచి 30వ రోజు లోపు చనిపోతే 50 వేలు. చిక్కులు వచ్చి వైద్యం చేయించుకుంటే, డిశ్చార్జ్ అయిన 60 రోజుల దాకా 25 వేలకు మించకుండా ఖర్చు. సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఈ నిబంధనను ఒక వాక్యంగా చదువుతాను. డిశ్చార్జ్ తర్వాత కూడా ప్రాణం పోవచ్చని రాజ్యానికి తెలుసునని ఇందులో ఉంది. ఏడో రోజు రాత్రికీ ఎనిమిదో రోజు పొద్దుటికీ మధ్య ఆడమనిషి ప్రాణం విలువ నాలుగో వంతుకు పడిపోతుందనీ ఉంది. సూక్ష్మక్రిమికి ఈ క్యాలెండర్ తెలియదు.

2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర మూతబడ్డ ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. ఆ శిబిరాల్లో ఆపరేషనైన వాళ్లలో 13 మంది ఇళ్లకు వెళ్లాక జబ్బుపడి చనిపోయారు. కల్తీ మందులా, ఇన్ఫెక్షనా అన్న వాదన చాలాకాలం నడిచింది. దేవికా బిశ్వాస్ వేసిన కేసులో 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్లలో ఎత్తివెయ్యాలని చెప్పింది. ఆ గడువు దాటాక, 2022 ఆగస్టు 25న, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ల్యాపరోస్కోపీతో ట్యూబెక్టమీ చేశారు. చిన్న రంధ్రాల ఆపరేషన్, త్వరగా ఇంటికెళ్లొచ్చని పేరున్నది. ఇళ్లకెళ్లారు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పితో వెనక్కొచ్చారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులే. మిగిలిన 30 మందిని నిమ్స్‌కూ అపోలోకూ తరలించారు. విచారణలో ఇన్ఫెక్షన్ నియంత్రణ లోపం బయటపడింది, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు, చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 5 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు.

ఇబ్రహీంపట్నం మనకు కనబడింది. ఎందుకు కనబడింది? నలుగురు ఒకేసారి, ఒకే చోటినుంచి, రాజధాని పక్కనే చనిపోయారు కనుక. అదే ఇన్ఫెక్షన్ ఒక్కొక్కరికి ఒక్కో ఊళ్లో, ఒక్కో నెలలో వచ్చి, చావుదాకా పోకుండా మూడు వారాల చీముగా, నెల రోజుల జ్వరంగా, ఆరు నెలల నడుంనొప్పిగా మిగిలిపోతే? అది వార్త కాదు, విచారణ లేదు. అది ‘ఆమె ఖర్మ’ అవుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే ‘ఆమె తప్పు’ అవుతుంది. నీళ్లు తగలనిచ్చింది, బరువెత్తింది, పథ్యం చెడగొట్టింది, మొగని దగ్గరికి పోయింది అంటారు. డిశ్చార్జ్ కాగితంతో పాటు బాధ్యత కూడా ఆమె చేతిలోనే పెట్టి పంపుతారు.

మా అమ్మకు పెద్దాపరేషన్ అయినప్పుడు ఒక ప్రైవేటు నర్సింగ్‌హోం ఇచ్చిన డిశ్చార్జ్ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. అంతా ఇంగ్లిషు. ‘కండిషన్ ఎట్ డిశ్చార్జ్: శాటిస్‌ఫ్యాక్టరీ’ అని ఉంది. ఎవరికి శాటిస్‌ఫ్యాక్టరీ? ఆ వాక్యంలో కర్త లేదు, అమ్మ అసలే లేదు. కింద మందుల పేర్లు, ‘రివ్యూ ఆఫ్టర్ సెవెన్ డేస్’ అన్న ముద్ర. జ్వరం వస్తే ఏం చెయ్యాలో, కుట్టు తడిగా ఉంటే ఎవరికి చెప్పాలో ఒక్క తెలుగు ముక్క లేదు. తొమ్మిదో రోజు కుట్టు విచ్చుకుంది. తీసుకెళ్తే ‘ఇంట్లో శుభ్రంగా ఉంచలేదా’ అన్నారు. ఆ తర్వాత నెల్నాళ్లు రోజూ గుడ్డ ఉడకబెట్టడం, చీము తుడవడం, కట్టు మార్చడం మా అక్క చేసింది. అక్కకు అప్పుడు పాలు తాగే బిడ్డ ఉన్నాడు. ఆసుపత్రి బిల్లులో ఆ నెల లేదు.

తాడ్వాయి లాంటి ఊళ్లలో ఆ నెల ఎలా గడుస్తుందో ఊహించడం కష్టం కాదు. మొగవాళ్లలో చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. ఇంట్లో అత్త, పిల్లలు, బర్రె. ఆడవాళ్లకు చేతిలో ఉన్న పని బీడీలు. చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మడిచి, ముందుకు వంగి గంటల తరబడి కూర్చోవాలి. పొత్తికడుపు మీది కుట్టుకు అంతకంటే శత్రువు లేదు. కానీ వెయ్యి బీడీలకింత అన్న లెక్కలో చుట్టని రోజుకు కూలి లేదు. అందుకే కుట్లు పచ్చిగా ఉండగానే చాట ఒళ్లోకి వస్తుంది. నాట్లు పడే రోజులైతే బురదలో మోకాళ్ల లోతున దిగాల్సి వస్తుంది. విశ్రాంతి అన్నది డాక్టరు కాగితం మీద రాసేంత తేలికైన మందు కాదు. అది కూలి మానుకోగలిగిన వాళ్లకే దొరుకుతుంది.

చీము పడితే మొదట పోయేది కామారెడ్డికి కాదు. బస్సు పట్టుకుని, తోడు వెతుక్కుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని పోవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఉంటాడు. సూది వేస్తాడు, గోలీలిస్తాడు, అప్పు కూడా పెడతాడు. ఏ క్రిమో తెలియకుండా, సగం మోతాదులో వేసిన యాంటీబయాటిక్ రెండు రోజులు జ్వరం దించుతుంది, మూడో రోజు ఇంకా మొండిగా తిరిగొస్తుంది. ఆపైన కుట్టు ఉన్న చోటు. బొడ్డు కిందికి చీర జరిపి పరాయి మగవాడికి చూపించాలి. చూపించలేక నొప్పి మాత్రమే చెప్పి సూది వేయించుకొచ్చే వాళ్లున్నారు. సిగ్గు కూడా ఒక ఆరోగ్య సమస్యేనని మన వైద్య విద్యలో ఎక్కడైనా చెప్తున్నారా?

పథ్యం సంగతి ఇంకో అన్యాయం. పప్పు తింటే చీము పడుతుందని తెలుగునాట నమ్మకం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వేడి, పెరుగు నెమ్ము. మిగిలేది కారం అన్నం, ఎల్లిపాయ. గాయం మానడానికి శరీరానికి అన్నిటికంటే ముందు కావలసింది మాంసకృత్తులు. అసలే రక్తం తక్కువున్న మనిషికి, కుట్లు మానాల్సిన నెలలోనే, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మాంసకృత్తుల తిండిని ఆపేస్తాం. ప్రేమతోనే ఆపేస్తాం. ఆపేది అమ్మే, అత్తే. పితృస్వామ్యం ఎప్పుడూ మగ గొంతుతోనే మాట్లాడదు. అయితే ఆ తల్లులను తప్పుపట్టి ఊరుకోలేం. ఆసుపత్రిలో ఎవరైనా కూర్చోబెట్టి ‘పప్పు పెట్టండమ్మా, గుడ్డు పెట్టండి’ అని రెండు నిమిషాలు చెప్పి ఉంటే ఈ నమ్మకం ఏనాడో సడలేది.

ఈ భారం రోజురోజుకీ పెరిగేదే. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. సంతోషించాల్సిన విషయం. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో ఇదే అత్యధికం. ప్రైవేటులోనైతే నూటికి 81 పైన. గర్భసంచులు తీసెయ్యడంలోనూ రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలోనే ఉన్నాయి. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది. కోత ఎక్కువైన చోట కుట్టు ఎక్కువవుతుంది. ఎన్ని సిజేరియన్లో చెప్పే గడి సర్వే ఫ్యాక్ట్‌షీటులో ఉంది. ఆ కుట్లలో ఎన్ని మానాయో, ఎన్ని పుచ్చాయో చెప్పే గడి లేదు. అనవసరమైన ఆపరేషన్ల మీద మనం చాలా రాశాం, పోరాడాం. అవసరమైన ఆపరేషన్ తర్వాత కూడా స్త్రీకి ఒక హక్కు ఉంటుందని, గాయం మానేదాకా అది ఆసుపత్రి గాయమేనని అంత గట్టిగా అనలేకపోయాం.

చెయ్యడానికి మార్గాలు లేవా? ఉన్నాయి, అవి మన గుమ్మం దాకా వచ్చే ఉన్నాయి. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలని పథకం ఉంది. సిజేరియన్ కుట్లలో చీము పట్టే రోజులు సరిగ్గా ఇవే. బిడ్డను తూచే చేయి తల్లి కుట్టును కూడా చూసి, ఎర్రగా ఉందా, తడిగా ఉందా, జ్వరముందా అని మూడు గడులు నింపితే, ఆ కాగితం ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తిరిగి చేరితే, డిశ్చార్జ్ గీత చెరిగిపోతుంది. ట్యూబెక్టమీ, గర్భసంచి ఆపరేషన్లయిన వాళ్ల ఇంటికి ఇన్నిసార్లు ఎవరూ రారు. వాళ్లకు చంకలో చూపించడానికి బిడ్డ లేదు కదా. బిడ్డ ఉంటేనే ఆమె శరీరం రాజ్యానికి కనిపిస్తుంది. ఆ ఇంటికీ మనిషి రావాలి. చేసిన పనికి ఆశాకు సరైన జీతమూ రావాలి. ఒక ఆడదాని ఉచిత చాకిరీని ఇంకో ఆడదాని చవక చాకిరీతో పూడ్చడం పరిష్కారం కాదు. 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ చదివే పిల్లలకు తాడ్వాయి నుంచి ఆపరేషన్‌కు వచ్చి వెళ్లిన స్త్రీకి నెల తర్వాత ఫోన్ చేసి గాయం సంగతి అడగడం కూడా ఒక పాఠం కావాలి.

మన వంతు కూడా ఒకటుంది. స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్లోనే చరిత్రను రాబట్టారు. 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ మన శరీరాల గురించి మనం తెలుగులో మాట్లాడుకోవడం నేర్పింది. ఈ రెండు పనులూ కలవాల్సిన చోటు కుట్ల దగ్గరే ఉంది. ఆపరేషన్ ఏ రోజు జరిగిందో, ఎవరు చేశారో రిజిస్టర్ చెబుతుంది. ఎన్నో రోజున జ్వరమొచ్చిందో, గుడ్డలు ఎవరు ఉతికారో, ఎన్ని వేల బీడీల కూలి పోయిందో, ఆర్‌ఎంపీ దగ్గర అప్పు ఎంతయిందో, ఎవరు ఏమన్నారో ఆ స్త్రీలే చెప్పాలి. తాడ్వాయిలో ఒకామె ‘ఆపరేషనైన ఏడు’ అని మొదలుపెట్టినప్పుడు మనం పెన్ను మూసి ఊరుకోకుండా, ‘ఆ తర్వాత నెల ఎట్ల గడిచిందక్కా?’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి.